వైద్యవిద్యార్థి మనస్సును గొలుచుట

వైద్యము చదివినవాఁడు పల్లెకేల రాఁడను ప్రశ్న మన గ్రామములందుఁ దఱచుగ వినఁబడును. ఇది మనదేశముననే పుట్టినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో గోధుమపంటకుఁ బేరుపొందిన కాన్సాస్ రాష్ట్రమునందు, రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, ముదుసలి వైద్యులు గతించిన యూళ్లకుఁ గ్రొత్తవారు దొరకుట దుర్లభమయ్యెను. 1949లో అచ్చటి శాసనసభ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలను విస్తరించుటకు ధనమొసఁగెను. పెద్దతరగతి విద్యార్థులు కొంతకాలము పల్లెవైద్యునియొద్ద నుండి పని నేర్చుకొను నేర్పాటును జరిగెను.

ధనమున్న విద్యార్థుల సంఖ్యను బెంచవచ్చును. వారి మనస్సెటు మరలునో తెలియుట యెట్లు? 1955లో లియొనార్డ్ ఎరాన్ అను మనశ్శాస్త్రజ్ఞుఁడు ప్రశ్నపత్రములతో దానిఁ గొలిచెను. మొదటి యేఁటివారికంటెఁ గడపటి యేఁటివారియందుఁ బరుల మంచితనముపై నమ్మకము తక్కువగాఁ గనఁబడెను. అయితే ప్రశ్నపత్రము జ్వరమానినివంటిది. వేఁడిమిఁ జెప్పును గాని కారణముఁ జెప్పదు.

కారణము నెఱుఁగుటకు హోవర్డ్ బెకర్ మొదలగు నలువురు పండితులు ఆ కాన్సాస్ కళాశాలకే పోయిరి. విద్యార్థులతోఁ గూడఁ దరగతులలోఁ గూర్చుండిరి. రోగుల మంచములచెంత నిలిచి వారి మాటలు వినిరి. ఈ శోధన 1961లో గ్రంథముగా వెలువడెను.

ఒక విధమైన రోగులన్న ఆ విద్యార్థులకు విసుగు. ఆ రోగులు బాధలనేకము చెప్పుకొందురు. పరీక్షింపఁగా దేహమున వ్యాధి యేదియుఁ గనఁబడదు. వారికి ఆ కుఱ్ఱవాండ్రు మట్టికుండ యను నర్థముగల యొక యెగతాళిపేరు పెట్టిరి. ఏల? విద్యార్థి కోరునవి రెండు: వ్యాధులను గన్నులారఁ జూచి యనుభవము గడించుట, రోగి ప్రాణమునకుఁ దాను బాధ్యత వహించి చికిత్స చేయుట. ఇట్టి రోగివలన నీ రెండును లభింపవు. పైపెచ్చు ప్రొద్దు పోవును.

ఇది దుష్టత్వము కాదు. వారు లోకమునకు మేలు చేయఁగోరియే వచ్చిరనియు, చదువు ముగియు తఱి నా కోరిక మరలఁ దలయెత్తెననియు గ్రంథకర్తలే వ్రాసిరి. నడుమనున్న యేండ్లలోఁ బెద్ద ఆసుపత్రి దేనిని విలువగలదిగాఁ జూపెనో దానినే వారును విలువగా నెంచిరి. బడిపంతులనగు నాకిది వింతగాఁ దోఁపదు. పరీక్షలో నడుగని పాఠము నే పిల్లవాఁడు చదువును?

కాని నడుమునొప్పి, నిద్రలేమి, మనోవ్యథ — వీనితో వచ్చువారే పల్లెవైద్యుని వాకిట నిత్యము నిలుచువారు. 1969లో అమెరికావారు కుటుంబవైద్యమును బ్రత్యేకశాఖగా గుర్తించి, మూఁడేండ్ల శిక్షణమును, పరీక్షను, పట్టమును ఏర్పఱచిరి. ఆ పట్టము శాశ్వతము కాదు. కొన్నియేండ్ల కొకమాఱు మరలఁ బరీక్షకుఁ గూర్చుండవలసియుండెను.