ఓకినావా సముద్ర ప్రదర్శనము: అందలి వింతలు

సర్వదేశ ప్రదర్శనములు మొదటినుండియు భూమిపై నిలిచిన వింతలకే పేరుపడినవి. 1851లో లండనున వెలసిన గాజుమందిరమును, 1889లో ప్యారిసున లేచిన ఈఫెలు గోపురమును ఇందులకు నిదర్శనములు. వలలను, పడవలను, చేపలను గూర్చి 1883లో లండనుననే యొక ప్రదర్శనము జరిగినది గాని, అది మత్స్యపరిశ్రమకు సంబంధించినదే. సముద్రమునే ముఖ్యవిషయముగాఁ గైకొని, అంతర్జాతీయ ప్రదర్శనసంస్థ యనుమతితో నడచిన తొలి ప్రదర్శనము జపాను దేశమునందలి ఓకినావా ద్వీపమున 1975 జూలై 20వ తేదీ మొదలు 1976 జనవరి 18వ తేదీ వఱకు 183 దినములు జరిగెను. తరువాత 1998లో లిస్బను నగరమును, 2012లో దక్షిణకొరియాలోని యోసు పట్టణమును ఇదే విషయమును గైకొనినవి. వచ్చిన జనుల సంఖ్యచేఁ జూచినచో నా రెండును దీనికంటె మిక్కిలి గొప్పవి. అయినను సముద్రమును జనులకుఁ జూపుట యెట్లు అను ప్రశ్న మొట్టమొదట నెదురైనది ఓకినావాలోనే. అక్కడ నీయఁబడిన సమాధానములలో నేది నిలిచినదో, యేది నిలువలేదో చూచుటకు నేఁటికిఁ గావలసినంత కాలము గడచినది.

ఆ ద్వీపచరిత్ర తెలియనిదే యా ప్రదర్శనము తెలియదు. పూర్వము ఓకినావా ర్యూక్యూ రాజ్యమునకు నడిబొడ్డు. చీనా, కొరియా, జపాను, సయాము, మలక్కా రేవులకు దాని యోడలు తిరిగెడివి. ఓడలే తమకు వంతెనలని యా రాజ్యమువారు చెప్పుకొనిన మాట 1458లోఁ బోతపోసి శురి కోటలో వ్రేలాడఁగట్టిన గంటపై నేఁటికిని గానవచ్చును. 1879లో జపాను ప్రభుత్వము రాజ్యమును రూపుమాపి దానిని దన మండలములలో నొకటిగాఁ జేసికొనెను. 1945 ఏప్రిల్ మొదలు జూన్ వఱకు నడచిన యుద్ధమున నిచట రెండులక్షలకు మించి ప్రాణములు పోయెను. ఆయుధము పట్టని ద్వీపవాసులు వారిలోఁ బెక్కురు. పిమ్మట నిరువదియేడేండ్లు అమెరికావారి యేలుబడి. ఆ యేలుబడిలో బజారున డాలరు చెల్లెడిది. జపాను ప్రధానద్వీపములకుఁ బోవలయునన్నఁ బ్రయాణానుమతిపత్రము వలసెడిది. 1972 మే 15వ తేదీన ద్వీపము జపానునకుఁ దిరిగి చేరెను. అమెరికా సేనాస్థావరములు మాత్రము కదలలేదు. ఈ పునఃప్రాప్తికి స్మారకముగాను, వెనుకఁబడిన ద్వీపమునకు రహదారులు మున్నగు వసతులు కల్పించు నెపముగాను ప్రదర్శనము తలపెట్టఁబడినది. 1970లో ఒసాకా ప్రదర్శనమునకు 6 కోట్ల 42 లక్షలమంది వచ్చియుండిరి. ఆ విజయము కన్నుల యెదుట నుండఁగా, సముద్రమధ్యమునందలి ద్వీపమునకు అదేరీతిగా జనులు తరలివత్తురా యని సందేహించినవారి మాట వినువారు తక్కువైరి.

మొతోబు ద్వీపకల్పపుఁ దీరమున భూమియు నీరును గలిసి సుమారు 100 హెక్టారుల స్థల మేర్పఱుపఁబడెను. ఎదుట నీటి నడుమ ఇయె ద్వీపమును, దానిపై నిటారుగా లేచిన చిన్నకొండయుఁ గనఁబడును. అమెరికా పత్రికారచయిత ఎర్నీ పైలు 1945 ఏప్రిల్ 18వ తేదీన గుండుదెబ్బకుఁ గూలినది యా ద్వీపముననే. 1975 మార్చిలోఁ బ్రారంభింపవలెనని మొదట ననుకొనిరి. కాని 1973నాఁటి చమురు కఱవుచే సామగ్రి ధరలు మండిపోయి, పని జూలైకి వాయిదాపడెను. ప్రారంభోత్సవమునకై వచ్చిన యువరాజు అకిహితో జూలై 17వ తేదీన, యుద్ధమున మడిసిన విద్యార్థినుల జ్ఞాపకార్థమై నిలిపిన హిమెయూరి స్తంభమును దర్శింపఁబోయెను. అక్కడ నాయనపై నిద్దఱు నిప్పుసీసా విసరిరి. ఆయనకు దెబ్బ తగులలేదు. తరువాత 1989 మొదలు 2019 వఱకుఁ జక్రవర్తియైన యీ యువరాజు స్వయముగా మత్స్యశాస్త్రజ్ఞుఁడు. గోబీ యను చిన్నచేపల జాతిపైఁ బరిశోధనములు ప్రకటించినవాఁడు. అట్టివాఁడు సముద్రపు వేడుకకై ద్వీపమునఁ గాలిడఁగానే మొదట నెదురైనది యుద్ధపుబాకీ.

ప్రదర్శనస్థలము నాలుగు పేటలుగా విభజింపఁబడెను: చేపలు, జాతులును చరిత్రయు, శాస్త్రమును సాంకేతికమును, ఓడలు. ముప్పదికి పైగా దేశములు పాల్గొనినవి. అమెరికాయు సోవియట్ రష్యాయుఁ దమతమ మందిరములఁ గట్టుకొనినవి. జపాను వ్యాపారకూటములును అట్లే చేసినవి. ఎత్తైన బాటలపై సారథి లేకయే నడచు చిన్న బండ్లు జనులను ఒకచోటినుండి మఱియొకచోటికిఁ జేర్చెడివి. స్నానమునకుఁ దెల్లని యిసుకతీరమును, పిల్లలకు ఆటస్థలమును వేఱుగా నుండెను. ఇట్టివి యే ప్రదర్శనముననైన నుండునవే కావున విస్తరింపఁ బనిలేదు.

వీని నన్నిఁటిని మించి ప్రదర్శనమునకు ముఖచిహ్నమై నిలిచినది అక్వాపొలిస్ అను తేలుపురి. దీనిని గల్పించినవాఁడు కికుతాకే కియొనోరి యను వాస్తుశిల్పి. భూమి చాలని జపానునకు సముద్రమే నివాసస్థలము కావలెనని యాతఁడు 1958 నుండియు సముద్రనగరముల చిత్రములు వ్రాయుచుండెను. 1960లో టోకియో నగరమునఁ గూడిన సభవేళ, నగరములు ప్రాణులవలెఁ బెరుగుచు మాఱుచు నుండవలెనని చాటిన యువశిల్పులలో నాతఁ డొకఁడు. కాగితముపై నుండిన యాతని కల నిజముగా నీటఁ దేలినది ఓకినావాలో. హిరోషిమాలోని మిత్సుబిషివారి యోడల కర్మాగారమున దీనిని నిర్మించి, సముద్రముమీఁదుగా లాగుకొని వచ్చి మొతోబు యొడ్డున నిలిపిరి. దీని పైతట్టు పొడవు 100 మీటరులు, వెడల్పు 100 మీటరులు, ఎత్తు 32 మీటరులు. వ్యయము సుమారు 1300 కోట్ల యెన్నులు. సముద్రగర్భమునఁ జమురు త్రవ్వు వేదికల పద్ధతియే దీనికిని మూలము. అడుగున నీటిలో మునిఁగిన బోలుదేహములు, వానిపై లావైన కంబములు, కంబములపై మిద్దెలు. అడుగు దేహములలోనికి నీరు విడిచినచో వేదిక దిగును, తోడివైచినచో లేచును. అలలతాఁకిడి నీటిపై పొరలయందే యెక్కువ కావున, లోఁతున మునిఁగిన దేహములపై నిలిచిన వేదిక యంతగా నూఁగదు. తుపానులు మెండైన యా ప్రాంతమున నిది చిన్న విషయము కాదు.

ఒడ్డునుండి వంతెన దాటి వచ్చినవారు అంతస్తులెక్కి దిగుచు, సముద్రగర్భమును జూపు శాలలను జూచి, పైతట్టునుండి నిజసముద్రమును జూచి మరలుచుండిరి. విచిత్ర మేమనఁగా, సముద్రముననే నిలిచిన కట్టడములో సముద్రమును బొమ్మగట్టి చూపవలసివచ్చెను. పురమని పేరే గాని యందుఁ బౌరులు లేరు, వచ్చిపోవువారే యందఱును. రేపటి జీవనమును జూపుటకుఁ గట్టిన వస్తువునకు నేఁటి జీవనములో నొక పని లేకపోవుట యనునదే దాని కొఱఁత. ప్రదర్శన మైన పిదప అక్వాపొలిస్ అక్కడనే యుండిపోయెను. ఉప్పునీరు ఇనుమును దినుట మానదు, మరమ్మతుల వ్యయమును దప్పదు. చూడవచ్చువారు మాత్రము ఏఁటేఁటఁ దగ్గిరి. 1993లో దానిని మూసివేసిరి. 2000 అక్టోబరులోఁ దునుకలు చేసి యినుముగా నమ్ముటకై షాంగై రేవునకు లాగుకొని పోయిరి. వచ్చినట్లే సముద్రముమీఁదుగా పోయినది.

మత్స్యశాల కథ వేఱు. జపాను ప్రభుత్వము తన పక్షమునఁ గట్టించిన దీనిని మాకి ఫుమిహికో అను శిల్పి రచించెను. గోపురములు లేవు, ఆర్భాటము లేదు. పోతకాంక్రీటు కమానుల వరుసలతో నీడనిచ్చు పొట్టి వసారాలు మాత్రమే. ఓకినావా యెండ నెఱిఁగినవారికి నీడ విలువ తెలియును. లోపల నుంచినది దూరదేశపు వింత కాదు. ఆ యొడ్డు ప్రక్కనే పాఱు కురోషియో, అనఁగా నల్లప్రవాహము, దానిలోఁ దిరుగు చేపలును, తీరపుఁ బగడపుదిబ్బలును. ప్రదర్శనము ముగిసిన పిదప 1976లో నా స్థలము ప్రభుత్వోద్యానమైనది. మత్స్యశాల పని మానలేదు. తిమింగలసొర యనునది చేపలన్నిఁటిలోఁ బెద్దది, మిగుల సాధువు. దానిని తొట్టిలోఁ బెంచుట యెట్లో యిచటివారు 1980 మొదలు సంవత్సరముల తరబడి యోపికతో నేర్చుకొనిరి. ఏమి తినును, ఎంత చోటు కావలెను, గోడకుఁ దగులక యెట్లు మలుఁగును అను చిన్న ప్రశ్నలకు సమాధానములు గూర్చుచుఁ బోవఁగా, 1995 మార్చిలోఁ జేరిన యొక సొర యిరువదియేండ్లకు మించి వారి సంరక్షణమున జీవించెను. పాతశాలను 2002లో మూసి, ఆ సంవత్సరమే నవంబరు 1వ తేదీన దాని చెంతనే చురౌమి మత్స్యశాలను దెఱచిరి. చురౌమి యనఁగా ద్వీపభాషలో నందమైన సముద్రము. అందలి పెద్దతొట్టి 75 లక్షల లీటరుల నీరు పట్టును. దాని ముందరి పారదర్శకఫలకము 22.5 మీటరుల వెడల్పును, 8.2 మీటరుల యెత్తును, 60 సెంటీమీటరుల మందమును గలది. 2007లో నా తొట్టిలో మాంటా యను పెద్దటేకుచేప పిల్ల నీనెను. బందీగా నున్న మాంటా ఈనుట లోకమున నదియే మొదటిసారి.

వీనికంటెను దలఁపఁదగిన వింత మఱియొకటి కలదు. అది కట్టఁబడినది కాదు, వచ్చి చేరినది. పసిఫిక్ సముద్రమునఁ గరోలిన్ ద్వీపములలో సతవాల్ అను చిన్న ద్వీపము కలదు. అచటివారు చెచెమెని యను పడవపై ప్రదర్శనమునకై బయలుదేఱి, దిక్సూచి లేక, పటములు లేక, సుమారు 3000 కిలోమీటరులు తెరచాపతో నడచి ఓకినావా చేరిరి. అట్టి పడవకు మేకులు లేవు. సీమపనస మ్రాని పలకలను గొబ్బరిపీచు త్రాళ్లతో బిగించి కట్టుదురు. అతుకులలో సీమపనస జిగురు పూయుదురు. కోరమాండలు తీరమునఁ బూర్వము పీచుతోఁ గుట్టిన మసూలా పడవల నెఱిఁగినవారికి ఈ పద్ధతి క్రొత్తగాఁ దోఁపదు. ఒక ప్రక్కకుఁ జాఁచిన కొయ్యలకుఁ గట్టిన తేలుదుంగ ఎల్లప్పుడును గాలివైపుననే యుండవలెను. అందుచేత దిక్కు మార్పవలసినప్పుడు పడవను ద్రిప్పరు; తెరచాప మొదలును ఒక కొననుండి రెండవకొనకు మోసికొనిపోయి, వెనుకను ముందుగాఁ జేసికొందురు. దారి తెలియుట యెట్లనఁగా, ఏ నక్షత్ర మెచట నుదయించి యెచట నస్తమించునో కంఠస్థము. మబ్బు క్రమ్మినచో దూరపు తుపానులనుండి వచ్చు పెద్దయలలు పడవ నేవైపునుండి యెత్తుచున్నవో కూర్చున్నచోటనే యెఱుఁగుదురు. సాయంకాలమున గూటికి మరలు పక్షులు భూమి జాడ చెప్పును. ఈ విద్య కట్టుకథ యని తలఁచు పండితులు అప్పటికిని గలరు. సతవాల్ ద్వీపమువాఁడే యైన మౌ పియాయ్లుగ్ 1976లో హోకులేయా యను పడవను హవాయినుండి తహితీకి ఇదే విద్యచే నడపి చూపెను. తేలుపురికిఁ జేరువనే యా చిన్నపడవ వచ్చి నిలిచినప్పుడు, సముద్రమున బ్రదుకుట యేదో తెలిసినవారు ఎవరను ప్రశ్న చూచువారికిఁ దోఁపక మానదు. చెచెమెనిని ఒసాకాలో 1977లోఁ దెఱచిన జాతీయ జాతిశాస్త్ర ప్రదర్శనశాలలో భద్రపఱచిరి. ప్రదర్శనమునకై ద్వీపద్వీపములనుండి గూర్చిన పడవలు, వలలు, గాలములు మొదలగునవి ఓకినావాలోనే సముద్రసంస్కృతి మందిరమున నిలిచినవి.

ఇఁక లెక్కల మాట. 45 లక్షలమంది వత్తురని యెదురుచూచిరి. వచ్చినవారు సుమారు 34 లక్షల 86 వేలు. నష్ట మంతటితోఁ దీఱలేదు. ఆ గుంపులను నమ్ముకొని ద్వీపమున సత్రములు, భోజనశాలలు, అంగళ్లు అప్పులతో లేచినవి. భూముల ధరలు ఆకాశమంటినవి. 1975లో ఓకినావాకు వచ్చిన యాత్రికులు సుమారు 15 లక్షల 60 వేలమంది కాఁగా, 1976లో 8 లక్షల 40 వేలమందియైనఁ గారైరి. పెక్కు వ్యాపారములు దివాలాయెత్తినవి. ఆ మాంద్యమునకు సముద్రప్రదర్శనపు మాంద్యమనియే పేరువచ్చెను. మేలు లేదనరాదు. 1975 మే 20వ తేదీన ఇషికావా, నాగోల నడుమఁ దెఱచిన పెద్దరహదారియు, ప్రదర్శనమునకై చేసిన తక్కిన బాటలును నిలిచినవి. తరువాతికాలమున ద్వీపము యాత్రికులచేతనే బ్రతుకుట కవి తోడైనవి. కాని అప్పు చేసి సత్రము కట్టిన మొతోబు గృహస్థునకు ఆ తరువాతికాలము వచ్చువఱకు ఓర్చుకొను శక్తి యెల్లపుడు లేదు.

సముద్రముకూడ మూల్యము చెల్లించినది. ఓకినావా ఉత్తరభాగపు నేల యెఱ్ఱమన్ను. చెట్టుచేమ తొలఁగించినయెడల వానకుఁ గరఁగి పాఱును. రహదారులకును, వసతులకును గొండలఁ దెగనఱకిన చోట్లనుండి యీ మన్ను వాఁగులవెంట తీరమునకు దిగి, పగడపుదిబ్బలపైఁ బఱచుకొనెను. పగడమునకు వెలుఁగు కావలెను, తేటనీరు కావలెను. మడ్డి క్రమ్మినచో నది చచ్చును. ప్రదర్శనమునకుఁ గైకొనిన సూత్రము సముద్రము భవిష్యత్తున నెట్లుండవలెనో చూపుట. ఆ సూత్రమును వ్రాసిన పలకలు నిలిచినకాలముననే సమీపపు అఖాతములు వానకాలమున నెఱ్ఱబాఱుచుండెను. ఈ మన్ను సముద్రమునఁ బడకుండఁ గట్టడిచేయు శాసనమును ఓకినావా మండలసభ 1994లోఁ జేసెను. అది మఱుసటియేఁట నమలులోనికి వచ్చెను.