తీర్పరి పీట దిగిన మనిషి

పాతికేళ్ళ వయసులో నేనొక మిత్రుణ్ణి పోగొట్టుకున్నాను. తప్పు పూర్తిగా నాదే.

అతనిది విజయవాడ. తండ్రి నాస్తికుడు. ఆయన మరణించినప్పుడు ఏ కర్మకాండా జరపలేదు. కళ్ళు దానం చేసి, నలుగురు మిత్రులు నాలుగు మాటలు చెప్పుకొని, దహనం ముగించారు. నేను చర్చి నీడలో పెరిగినవాణ్ణి. పరామర్శకు వెళ్ళి, కాసేపు కూర్చుని, ఉండబట్టలేక అడిగాను: "అంతా బాగానే ఉంది గానీ, ఆయన ఆత్మ సంగతి ఏనాడైనా ఆలోచించారా?" మిత్రుడు నా ముఖంలోకి చూసి, "పరామర్శకొచ్చావా, తీర్పు చెప్పడానికొచ్చావా?" అన్నాడు. ఆ తర్వాత నేను రాసిన రెండు ఉత్తరాలకూ జవాబు రాలేదు.

కొన్నేళ్ళ తర్వాత ఒక ఆదివారం, హైదరాబాదు ఆబిడ్స్ కాలిబాట మీద పరిచిన పాత పుస్తకాల్లో, అట్ట ఊడిన ఒక ఆంగ్ల గ్రంథం దొరికింది. 'క్రైస్ట్ ఎట్ ది రౌండ్ టేబుల్'. 1928 నాటిది. రచయిత ఇ. స్టాన్లీ జోన్స్. మిత్రుడి ప్రశ్నకు నేను చెప్పలేకపోయిన జవాబును ఈ అమెరికన్ మిషనరీ ఎంతో ముందే, ఎన్నో దెబ్బలు తిని నేర్చుకున్నాడని చదువుతుంటే తెలిసింది.

జోన్స్ 1884లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో జన్మించాడు. మెథడిస్టు మిషనరీగా 1907లో భారతదేశం వచ్చి లక్నోలో పని ప్రారంభించాడు. తొలి ఎనిమిదేళ్ళు పనిభారంతో, మానసిక ఒత్తిడితో కుంగిపోయి, పదే పదే ఆరోగ్యం చెడగొట్టుకున్నాడు. ఆ కాలంలోనే ఒక హిందూ ప్రభుత్వోద్యోగి ఆయనను ఒక మాట అడిగాడట: మీరు అంటరానివారి దగ్గరికే వెళ్తారెందుకు, మా దగ్గరికి రారెందుకు అని. మీకు మేము అక్కర్లేదనుకున్నామని జోన్స్ అన్నాడు. సరైన పద్ధతిలో వస్తే మాకూ కావాలని ఆ ఉద్యోగి బదులిచ్చాడు.

ఆ 'సరైన పద్ధతి' ఏమిటన్న వెతుకులాటే జోన్స్ మిగిలిన జీవితం. ఊరూరా విద్యావంతుల సభలు పెట్టి మాట్లాడసాగాడు. అందుకు కొన్ని నియమాలు పెట్టుకున్నాడు. ఎవరి మతం మీదా దాడి ఉండదని ముందే ప్రకటించాలి. సభకు అధ్యక్షుడు క్రైస్తవేతరుడైన ఊరి పెద్దే కావాలి. ఉపన్యాసం ముగిశాక ఎవరైనా ఏ ప్రశ్నైనా అడగవచ్చు. పాశ్చాత్య నాగరికతను సమర్థించే భారం తాను మోయడు, క్రీస్తు గురించి మాత్రమే మాట్లాడతాడు. ఈ ప్రయోగాల సారమే 1925లో వచ్చిన 'ది క్రైస్ట్ ఆఫ్ ది ఇండియన్ రోడ్'.

క్రైస్తవం ఈ దేశానికి పరాయిది కాకుండా ఉండాలంటే ఏమి చేయాలని జోన్స్ గాంధీజీని అడిగిన సంగతీ ఆ పుస్తకంలోనే ఉంది. గాంధీజీ నాలుగు సలహాలు ఇచ్చారు. క్రైస్తవులు ముందుగా క్రీస్తులా జీవించాలి. తమ ధర్మాన్ని కల్తీ చేయకుండా, పలచన చేయకుండా ఆచరించాలి. ప్రేమకే పెద్దపీట వేయాలి. ఇతర మతాలను సానుభూతితో అధ్యయనం చేయాలి. రెండవ సలహా దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీ విశ్వాసాన్ని కాస్త తగ్గించుకోండి అని గాంధీజీ అనలేదు. ఎదుటివారిని గౌరవించడానికి మన నమ్మకాన్ని దాచుకోవాలనే భ్రమ మనలో చాలామందికి ఉంది.

ఉపన్యాసంలో ఎంత వినయం చూపినా, మాట్లాడేవాడు వేదిక మీదే ఉంటాడు. జోన్స్ ఆ వేదికా దిగాడు. ఆయన రౌండ్ టేబుల్ సమావేశాల్లో సుమారు పదిహేనుమంది ఇతర మతాలవారు, ఐదారుగురు క్రైస్తవులు కూర్చునేవారు. న్యాయమూర్తులు, వైద్యులు, వకీళ్ళు, పండితులు, ఏ మతమూ నమ్మని సంశయవాదులు కూడా. అక్కడ వాదన కూడదు. మతాల గురించి సిద్ధాంత చర్చ కూడదు. నీ నమ్మకం నీ బతుకులో ఏమి చేసింది? దుఃఖంలో నిలబెట్టిందా? కోపాన్ని జయించనిచ్చిందా? పొరుగువాడితో ఎలా మెలగమంది? ఇంతవరకే చెప్పాలి. తనకేమీ దొరకలేదనేవాడు ఆ మాటే చెప్పవచ్చు. వాదనలో ఎదుటివాడి తప్పు దొరికితే చాలు, మనం గెలిచినట్టే. అనుభవం చెప్పాలంటే మన లోపం కూడా బయట పెట్టాలి. అది బయటపడ్డాక తీర్పరి పీట మీద కూర్చోవడం కష్టం. కంట్లో నలుసు, దూలం అంటూ యేసు కొండమీది ప్రసంగంలో చెప్పిన సంగతికి ఇంతకన్నా ఆచరణ రూపం నేను చూడలేదు.

1928లోనే అమెరికాలో ఆయనను బిషప్పుగా ఎన్నుకున్నారు. మరునాడే ఆ పదవిని వదులుకొని తిరిగి వచ్చాడు. 1930లో కుమావూఁ కొండల్లో సాత్ తాల్ దగ్గర ఆశ్రమం స్థాపించాడు. భారతీయులు, ఐరోపావారు అక్కడ ఒకే పంక్తిలో భోజనం చేసేవారు. వారానికొకరోజు పాకీపనివాడికి సెలవిచ్చి, ఆ పని ఆశ్రమవాసులే చేసేవారు.

ఇక్కడ ఒక సందేహం రావాలి, నాకూ వచ్చింది. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఎక్కువమంది ఆంగ్లం చదువుకున్న పెద్దలే కదా? మన తెలుగునాట క్రైస్తవుల చరిత్ర వేరు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో జాన్ క్లౌ సాగించిన మిషను ఆధ్వర్యంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అత్యధికులు మాదిగలు. వారి తాతముత్తాతల మీద ఊరు ఏనాడో తీర్పు చెప్పి, వెలివాడలో కూర్చోబెట్టింది. అటువంటివారి మనుమలకు 'ఎవరినీ తప్పు పట్టకండి' అని బోధించడం సులభమూ కాదు, న్యాయమూ కాదు. తీర్పు తీర్చకపోవడమంటే అన్యాయాన్ని అన్యాయం అనకపోవడం కాదని నా అభిప్రాయం. అంటరానితనం పాపమని చెప్పవలసిందే. కానీ ఎదుట కూర్చున్న మనిషి కథంతా నాకు ముందే తెలుసనుకోవడం వేరు. అంత తీర్పుకు గురైనవారి వారసులమే, మా ప్రార్థనల్లో ఇరుగుపొరుగును 'అన్యులు' అని ఒకే మాటతో కట్టేసి పక్కన పెట్టడం నన్ను ఇప్పుడు నొప్పిస్తుంది.

ఈ విషయంలో మన ప్రాంతపు నాస్తికుడు గోరా కథ నాకు జోన్స్ కథంత విలువైనది. గోపరాజు రామచంద్రరావు యువకుడిగా ఒక క్రైస్తవ కళాశాలలో బోధించేటప్పుడు, మతం పుచ్చుకుంటే పెద్ద చదువులకు అమెరికా పంపుతామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, అంటరానితనంపై పోరాడారు. 1944లో సేవాగ్రాం వెళ్ళి గాంధీజీని కలిశారు. ఆస్తికుడైన గాంధీజీ తన ఆస్తికత్వమే సరైనదనీ, గోరా నాస్తికత్వం తప్పనీ చెప్పలేనన్నారు. ఇద్దరమూ సత్యాన్వేషులమేనన్నారు. గోరా తన కుమార్తెకు దళిత యువకుడితో తలపెట్టిన వివాహాన్ని సేవాగ్రాంలో జరిపించడానికి గాంధీజీ సమ్మతించారు. ఆయన హత్య తర్వాత, 1948లో అక్కడే ఆ పెళ్ళి జరిగింది. దేవుడి విషయంలో ఏకీభవించని ఇద్దరు, మనిషి విషయంలో ఒక్కటిగా నిలిచారు.

ఈ రెండు కథలూ చదివాక మిత్రుడికి మూడవ ఉత్తరం రాశాను. క్షమాపణ రెండు వాక్యాలు. తర్వాత ఒకే ప్రశ్న: "మీ నాన్నగారి గురించి చెప్తావా? వినడానికి వస్తాను."

జవాబు నెల తర్వాత వచ్చింది. వెళ్ళాను. ఆ రాత్రి మేడ మీద కూర్చుని అతను చెబుతూ పోయాడు. తండ్రి ప్రతి పండుగనాడూ దళితవాడలో ఎవరో ఒకరి ఇంట్లో భోజనం చేసేవాడట. దానికి బంధువులు వెలివేస్తే, మళ్ళీ మాట కలపడానికి వాళ్ళ గడపకే తాను ముందుగా వెళ్ళాడట. చివరి జబ్బులో భయపడ్డాడు కూడానట. ఆ మాట చెప్పేటప్పుడు మిత్రుడి గొంతు వణికింది. నా చేతికి ఒక వాదం అందిందని నాలోని పాత మనిషి చటుక్కున లేచాడు. నేను వాణ్ణి కూర్చోబెట్టాను.

చాలాసేపటికి అతనే, "నువ్వింకా ప్రార్థన చేస్తావా? అందులో నీకేం దొరుకుతుంది?" అని అడిగాడు. దొరికిన రోజుల గురించీ చెప్పాను, దొరకని రోజుల గురించీ చెప్పాను. అతను నమ్మలేదు, నేను మానలేదు. తెల్లవారుజామున కిందికి దిగి ఇద్దరం టీ తాగాము.

ఆయన ఆత్మ సంగతి నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన పేరు మాత్రం తెలుసు. నా ప్రార్థనలో 'అన్యులు' అన్న మాట ఉండే చోట ఇప్పుడు ఆ పేరు ఉంటోంది.