పులిపిరి మందు నుంచి టీకా దాకా

కొవిడ్ టీకా కోవాగ్జిన్ ఒక్కో డోసు అర మిల్లీలీటరు. అందులో నిర్వీర్యం చేసిన కరోనా వైరస్ 6 మైక్రోగ్రాములు, అల్యూమినియం హైడ్రాక్సైడ్ జెల్ 250 మైక్రోగ్రాములు ఉంటాయి. వాటితోపాటు ఇమిడజోక్వినోలిన్ జాతికి చెందిన చిన్న అణువు 15 మైక్రోగ్రాములు ఉంటుంది. మన రోగనిరోధక కణాలను తట్టి లేపడం దాని పని. కోట్లమంది భుజాల్లోకి ఎక్కిన ఈ అణువు వంశచరిత్ర మాత్రం పులిపిర్లకు రాసే ఒక పూతమందు దగ్గర మొదలవుతుంది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే, 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ ఇంటర్‌ఫెరాన్‌ను కనుగొన్నారు. వైరస్ సోకిన కణం విడుదల చేసే ఈ ప్రోటీన్ ఇరుగుపొరుగు కణాలను అప్రమత్తం చేస్తుంది. ఓ చిన్న రసాయనం ఇచ్చి, ఇంటర్‌ఫెరాన్‌ను ఒంటి చేతే తయారు చేయించలేమా అన్న ఆశ అప్పుడే పుట్టింది. 1970లో వెలుగులోకి వచ్చిన టిలోరోన్ ఎలుకల్లో ఆ పని చేసింది గానీ అమెరికాలో మందుగా అనుమతి పొందలేదు.

1980లలో మిన్నెసోటాలోని 3ఎం సంస్థ పరిశోధకులు హెర్పిస్‌కు మందు వెతుకుతున్నారు. వాళ్లు తయారుచేసిన ఒక రసాయనాన్ని గాజు పాత్రలోని వైరస్‌పై వేస్తే వైరస్‌కు ఏమీ కాలేదు. గినీపందులకు ఇస్తే జబ్బు తగ్గింది! గాజు పాత్రలో ఓడిన రసాయనాన్ని పక్కన పడేయడం మందుల పరిశోధనలో మామూలే. వీళ్లు పడేయకుండా కారణం వెతికారు. వైరస్‌ను అణచింది ఆ రసాయనం కాదనీ, అది పుట్టించిన ఇంటర్‌ఫెరానేననీ తేలింది. ఇమిడజోక్వినోలిన్ జాతికే చెందిన ఆ రసాయనం పేరు ఇమిక్విమోడ్. జననాంగాల పులిపిర్లకు 5 శాతం క్రీముగా 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2004లో చర్మం పైపొరల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్‌కూ వాడేందుకు అనుమతించారు.

1997లో అనుమతి వచ్చేనాటికి ఇమిక్విమోడ్ కణాలను ఎలా లేపుతోందో ఎవరికీ తెలియదు. 1996లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో హాఫ్‌మన్ బృందం ఈగల్లో 'టోల్' అనే జన్యువు బూజు నుంచి రక్షణ ఇస్తోందని చూపింది. టోల్‌ను పోలిన గ్రాహకాలు (టీఎల్‌ఆర్) మనలోనూ ఉన్నాయని త్వరలోనే తెలిసింది. 2002లో జపాన్‌లోని ఒసాకాలో అకిరా బృందం, టీఎల్‌ఆర్-7 అనే గ్రాహకం లేని ఎలుకల్లో ఇమిక్విమోడ్ పనిచేయదని నిరూపించింది. వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏను పసిగట్టడమే ఈ గ్రాహకం సహజమైన పని అని 2004లో బయటపడింది. అంటే వైరస్ లేకుండానే వైరస్ వచ్చిందన్న కబురు కణానికి అందుతోందన్నమాట.

ఆ గ్రాహకం ఉండేది కణం లోపలి సంచుల్లో. యాంటీబాడీ అణుభారం దాదాపు 1,50,000 కాగా ఇమిక్విమోడ్‌ది 240. అంత చిన్నది కాబట్టే కణపొరను దాటుకుని సులువుగా లోపలికి చేరుతుంది.

ఆ చిన్నతనమే చిక్కు కూడా. రక్తంలో కలిస్తే ఒళ్లంతా తిరుగుతుంది. ఒక వీధిలో వేయాల్సిన దండోరా ఊరంతా వేసినట్టు జ్వరం, చలి, నీరసం కమ్ముకుంటాయి. ఇదే జాతిలో మరింత శక్తిమంతమైన రెసిక్విమోడ్‌నూ ఈ ఇబ్బందే వెంటాడింది. పూతమందుగా ఉన్నంతకాలం చర్మమే హద్దు. మరి ఒంటి లోపల హద్దు గీసేదెలా?

దారి చూపింది పటిక లాంటి పాతకాలపు అల్యూమినియం లవణాలే. 1926లో గ్లెన్నీ అనే శాస్త్రవేత్త టీకాల బలం పెంచడానికి వాడింది పటికనే. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని వైరోవ్యాక్స్ సంస్థలో సునీల్ డేవిడ్ బృందం ఈ జాతి అణువును అల్యూమినియం జెల్‌కు అంటించింది. అలా అంటిపెట్టుకుని అది లింఫ్ గ్రంథుల దాకా ప్రయాణిస్తుంది. అక్కడ విడివడి టీఎల్‌ఆర్-7, 8 గ్రాహకాలను మేల్కొలుపుతుంది. హైదరాబాద్ శివారు జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ దీన్నే కోవాగ్జిన్‌లో వాడింది. 2021 జనవరి 3న అత్యవసర అనుమతి వచ్చింది. ఈ రెండు గ్రాహకాలను లేపి టీకా బలం పెంచే సహాయకారి అనుమతి పొందిన అంటువ్యాధి టీకాలోకి చేరడం అదే మొదటిసారి.

ఇప్పుడు ఇదే జాతి అణువులను యాంటీబాడీలకు తగిలించి నేరుగా క్యాన్సర్ కణితి దగ్గరికి పంపే ప్రయత్నాలు సాగుతున్నాయి. కణాన్ని లేపే శక్తి ఈ అణువులకు మొదటినుంచీ ఉంది. దాన్ని ఎక్కడ, ఎంతసేపు వాడాలో నేర్చుకోవడానికే ఇన్ని దశాబ్దాలు పట్టింది. కొత్త మందుకు రూపమిచ్చేవారు ముందుగా తేల్చుకోవాల్సిందీ అదే.