కొల్లేటి గాలికి నిలిచిన సంగడం

బెంజ్ సర్కిల్ వద్ద నిలుచున్నవారికి నాలుగు దారులు కనబడతాయి. పడమటి దారి పట్నంలోకి, తూర్పు దారి బందరుకు, దక్షిణపు దారి వారధి మీదుగా గుంటూరుకు, ఉత్తరపు దారి రామవరప్పాడు మీదుగా ఏలూరుకు పోతాయి. ఆ లారీల హోరులో నీటి సంగతి ఎవరికి జ్ఞాపకం వస్తుంది? కాని 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తి అయిన తరువాత చాలకాలం ఈ పట్నపు రాజమార్గాలు బందరు కాలువ, ఏలూరు కాలువలే. ధాన్యమూ, మనుష్యులూ, పెండ్లివారూ పడవల మీదనే సాగిపోయేవారు. రైలు వచ్చింది, రోడ్డు వచ్చింది, పడవ వెళ్ళిపోయింది. పడవలో కూర్చునే తెలివి కూడ దానితోనే వెళ్ళిపోయిందని 2024 సెప్టెంబరులో తెలిసింది.

ఆ నెల ఆరంభంలో బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ ప్రాంతమంతా నీట మునిగింది. అప్పుడు వీధిలో పడవ ఎక్కిన పట్నవాసులలో నేనూ ఒకణ్ణి. ఎక్కగానే అందరమూ ఒక ప్రక్కకే ఒరిగి మా ఇళ్ళవంక చూడబోయాము. గెడ పట్టుకున్న పెద్దాయన కైకలూరు వైపునుంచి వచ్చినవాడు. "కూర్చోండి బాబూ, ముందు కూర్చోండి. మీరు నిలబడితే ఇది పడుకుంటుంది" అని కేక వేశాడు. కూర్చున్నాము. ఆ పిమ్మట ఆయనే, "ఇదే మా కొల్లేట్లో అయితే జోడు కట్టుకుని వచ్చేవాళ్ళం" అన్నాడు. నేటి ప్రసంగానికి ఆ మాటే మూలం.

బుడమేరు నీరు చివరకు చేరేది కొల్లేటికే. తమ్మిలేరు, రామిలేరు కూడ అక్కడికే వస్తాయి. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పల్లంలో నిలిచిన మంచినీటి సరస్సు అది. దాని నీరు ఉప్పుటేరు గుండా సుమారు 60 కిలోమీటర్లు నడిచి సముద్రంలో పడుతుంది. సరస్సు పేరు ప్రాచీనమే. 634 నాటి ఐహొళె శాసనం రెండవ పులకేశి యుద్ధాలలో పేర్కొన్న కునాల జలాలు కొల్లేరే అని పండితులు గుర్తించారు. పిఠాపురపు కోట పట్టిన వెంటనే ఆ నీరు యోధుల రక్తంతో ఎర్రబడిందని శాసనకవి వర్ణన. రాజులకు ఆ నీరు యుద్ధభూమి. అక్కడి వడ్డీలకు అది జీవనభూమి.

కొల్లేటి నీరు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ. వేసవిలో మోకాలి లోతు మిగిలే చోట్లున్నవి. వానకాలంలో నీరు పెరిగినా చాలచోట్ల నిలువులోతు ఉండదు. కనుక భయం లేదనుకుంటాము. పొరపాటు. లోతు సముద్రంలో కెరటం పొడవుగా లేచి మెల్లగా దిగుతుంది, పడవ దానితోబాటు లేచి దిగుతుంది. లోతు లేని నీటిమీద గాలి విసిరితే కెరటాలు పొట్టివిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వచ్చి పడతాయి. మొదటిది పడవను ఒరగదోస్తే, అది సర్దుకొనేలోపల రెండవది లోపలికి దూకుతుంది. గాలి అడ్డులేకుండా నీటిమీద ఎంత దూరం నడిస్తే కెరటానికి అంత బలం. కార్తీకమాసపు వాయుగుండం మాట అటుంచి, సాయంకాలపు పైరగాలి చాలు, మావులు ఎత్తటానికి వెళ్ళిన మనిషిని కంగారుపెట్టటానికి.

ఈ నీటిమీద ఎటువంటి పడవ నిలుస్తుంది? గ్రంథం చదివిన ఇంజనీరు నడిగితే వెడల్పు చేయమంటాడు. ఆయన చెప్పేది నిజం. పడవ ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు ఆ ప్రక్కన ఎక్కువగా మునిగిన భాగాన్ని నీరు పైకి తోస్తుంది. ఆ తోపు నడిమి గీతకు ఎంత దూరాన ఉంటే పడవ అంత త్వరగా నిటారవుతుంది. పొడవు మార్చకుండా వెడల్పు మాత్రమే రెట్టింపు చేస్తే, నీరు ఆ విధంగా నిలబెట్టే బలం ఎనిమిది రెట్లవుతుంది. అడుగున లోతైన కీలు కట్టుకుందామంటే కొల్లేటి బురదలో అది నాగలి అవుతుంది.

అయితే కొల్లేటి బెస్తవానికి దొరికే కలప ఏది? టేకా? లేదు. గట్లమీద తాటిచెట్టున్నది. తాటికి పై బెరడు వైపు చేవ, లోపల మెత్తని పీచు. లోపలిది తవ్వి పారవేస్తే పైది చిప్పవలె నిలుస్తుంది. మొదలు ఉబ్బుగా ఉంటుంది కనుక ఆ కొన తనంతట తానే మూసుకొని ఉంటుంది. రెండవ కొన తెరుచుకుంటే బంకమట్టితో పూడ్చటమే. ఇదే తాటిదోనె. ఇదే దోనెను మా చిన్నతనంలో రైతులు చేలకు నీరు పెట్టటానికి కూడ వాడేవారు. మనిషిని నీటిమీద మోసినా, నీటిని చేలోకి మోసినా పేరొకటే. నీరు బయట ఉండాలా, లోపల ఉండాలా అన్నదే తేడా.

చౌక, తేలిక, ఒక్కడు లాగుకొని పోగలడు. కాని అడుగు గుండ్రం. నీటిలో వేసిన దుంగ ఎట్లా దొర్లుతుందో ఒంటి దోనె అట్లా దొర్లుతుంది. అంచు నీటికి జానెడు ఎత్తైనా ఉండదు. వెడల్పు చేద్దామా అంటే, తాటి మ్రాను ఎంత లావో దోనె అంతే. ఇంజనీరు సలహా ఇక్కడ ఆగిపోతుంది. బెస్తవాని ఆలోచన ఇక్కడే మొదలవుతుంది. అతడు పడవను వెడల్పు చేయలేదు. రెండవ దోనె తెచ్చి, రెండింటి మీద అడ్డుకర్రలు వేసి, త్రాళ్ళతో బిగించాడు. ఒకటి మునగబోతే రెండవది దాన్ని లేవనెత్తుతుంది. విడివిడిగా దొర్లే రెండు దుంగలు కలిసి దొర్లవు.

దీనికి మనవారి పేరు సంగడం. బ్రౌను దొర నిఘంటువులో కూడ రెండు దోనెలు జతచేసి కట్టినదని అర్థం చెప్పబడినది. సంగడి అంటే చెలిమి, చేరువ. సంగడీడు అంటే చెలికాడు. మలయాళంలో తెప్పను చంగాడం అంటారు, స్నేహితుణ్ణి చంగాతి అంటారు. వ్యుత్పత్తి తేల్చటం భాషావేత్తల పని. నాకు మాత్రం ఈ రెండు మాటలూ ఒక ఇంటివిగా తోస్తాయి.

పేరు ఎంత పాతదో చూడండి. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన 'పెరిప్లస్' అనే గ్రంథం మన తూర్పు తీరపు రేవులలోని ఓడలను చెబుతూ, ఒంటి మ్రానులను జోడించి కట్టిన చాల పెద్దవాటిని 'సంగర' అంటారని పేర్కొన్నది. వెంటనే గంగకూ సువర్ణభూమికీ పోయే ఓడలకు వేరే పేరు చెప్పింది. కనుక సంగర తీరం వెంబడి తిరిగే ఓడ అనుకోవచ్చును. ఈ మాటను మన సంగడంతో, చంగాడంతో ముడిపెట్టిన పండితులున్నారు. ఆ నావికుడు చూచినది కొల్లేటి దోనెలనే అనటం నా ఉద్దేశం కాదు. ఆ వాక్యం తమిళ రేవుల వర్ణనలోనిది. కాని ఒంటి మ్రానులను జోడించే ఉపాయం తూర్పు తీరమంతటా అప్పటికే ఉండెనని మాత్రం దానివల్ల తెలుస్తుంది.

మద్రాసు మత్స్యశాఖకు డైరెక్టరుగా ఉండిన జేమ్స్ హోర్నెల్ భారతదేశపు పడవల నిర్మాణం మీద పెద్ద వ్యాసం వ్రాశాడు. బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ 1920లో దాన్ని ప్రచురించింది. పసిఫిక్ దీవులవారి జంట పడవలతో పోల్చి చూడతగినదిగా ఆయన మన జంట దోనెలను భావించాడు. ఇందులో ఒక వింత ఉన్నది. నేడు ప్రపంచమంతటా జంట పడవకు వాడే ఇంగ్లీషు మాట 'కాటమరాన్'. అది తమిళుల కట్టుమరం. కట్టుమరమంటే దుంగలను ప్రక్కప్రక్కన కట్టిన తెప్పే గాని జంట పడవ కాదు. పని సంగడానిది, కీర్తి కట్టుమరానిది!

ఎల్లవేళలా సంగడమే మేలని నేననటం లేదు. జోడు వంపు తిరగటానికి చోటు కావాలి. కిక్కిస దుబ్బులలోకి, గుర్రపుడెక్కలోకి అది పోదు. అక్కడ ఒంటి దోనెయే నేర్పరి. రెండు దోనెల సందున కెరటం వచ్చి కొట్టుకుంటే అడ్డుకర్రల కట్లు వదులవుతాయి. కట్టు సడలిన జోడు ఒంటి దోనెకంటె ప్రమాదం, ఎందుచేతనంటే మనిషి దానిని నమ్మి నిలబడతాడు. కనుక తుంగలో, వేసవి నీటిలో ఒంటిది. విప్పారిన నీటిమీద, గాలి మాసాలలో, బరువున్నప్పుడు జోడు. కొల్లేటివారు పడవను ఒకసారి ఎంచుకొని ఊరుకోలేదు, కాలాన్నిబట్టి కట్టుకున్నారు, విప్పుకున్నారు.

తరువాత సరస్సే మారిపోయింది. 1970ల నుండి చేపల చెరువుల గట్లు దానిని గళ్ళుగళ్ళుగా కోశాయి. గట్టుకూ గట్టుకూ నడుమ గాలికి పరుగు లేదు, కెరటానికి ఎదుగుదల లేదు. రేకు పడవ అయినా సరిపోయింది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమైనది. 2002లో రామ్‌సార్ పట్టికలో చేరింది. 2005, 2006 సంవత్సరాలలో ఎన్నో గట్లను కొట్టివేశారు. విప్పారిన నీటిమీద గాలికి మళ్ళీ దారి దొరికింది. తాటిదోనె తవ్వగల చేతులు మాత్రం ఆ వేగంతో తిరిగి రాలేదు.

సంగడం బొత్తిగా పోలేదు సుమా. కృష్ణ మీద ముక్త్యాల, మాదిపాడు రేవుల నడుమ నడిచిన బల్లకట్టును చూచినవారికి తెలుస్తుంది. పడవలను జతచేసి పైన బల్లలు పరిచిన ఆ కట్టు మీద మనుష్యులేకాదు, వాహనాలు సైతం ఏటిని దాటాయి. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం దగ్గర ఒక పడవ తిరగబడి ఇరవైమందికి పైగా మరణించినప్పుడు నాకు ఆ బల్లకట్టే మనసులో మెదిలింది. ఏడేండ్ల తరువాత సింగ్ నగర్ వీధిలో గెడ పట్టుకున్న ఆ పెద్దాయనతో ఈ మాట చెప్పాను. ఆయన కొంతసేపు గెడ వేస్తూ ఊరుకొని, "జోడు కడితే సందులో పట్టదు గదా బాబూ, ఇది మీ వీధాయె" అన్నాడు. రెండు మేడల నడుమనుంచి ఒంటి పడవను నేర్పుగా తప్పించి మమ్మల్ని రోడ్డుమీద దించాడు.