స్టూవర్టుపురము - ఎఱుకలవారి సంస్కరణము

ఎఱుక చెప్పువా రగుటచే ఎఱుకలవారని వ్యుత్పత్తి చెప్పుదురు. యక్షగానములందు ఎఱుకసాని పలుకులు వినిన తెలుఁగువారికి వీరు క్రొత్తవారు కారు. ఎద్దులపై నుప్పును ధాన్యమును మోపి, తీరమునుండి లోనాడులకు వర్తకము సాగించిన వీరి జీవికను ఉప్పుపన్నును రైలుమార్గములును హరించినవి. పిదపఁ బేరును పోయెను. 1871లోఁ బుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లోఁ జెన్నపురి రాజధానికి వ్యాపించి, జన్మమునే నేరముగా నెంచెను.

అంతట సేవ ప్రవేశించినది. 1913 ప్రాంతమున బాపట్ల చేరువ సాల్వేషన్ ఆర్మీవారు నెలకొల్పిన వసతికి, గవర్నరు కార్యాలోచనసభ్యుఁడగు సర్ హెరాల్డు స్టూవర్టు పేరిడిరి. వారు పొలము నిచ్చిరి, బడి పెట్టిరి, కాదనరాదు. కాని యనుజ్ఞాపత్రము లేక పొలిమేర దాటరాదు, హాజరు తప్పరాదు. చీరాల పొగాకు కర్మాగారమునకుఁ గూలివారును ఇచటినుండియే పోయిరి. సేవకుఁడే కాపలావాఁడు!

సంస్కరణశబ్దమునందలి సకారమును పాణిని భూషణార్థమున విధించెను. ఇచటి సంస్కరణమో, దినదినము పేరు పిలిచి తలలు లెక్కించుటతోఁ బ్రారంభమయ్యెను.

1952 నాఁటికి దేశమంతట నా చట్టము రద్దయ్యెను. 1991లోను 2023లోను వెలువడిన చలనచిత్రములు ఆ యూరిపేరును దొంగతనముతోడనే ముడివైచి చూపినవి.