నేల పోయింది, రుజువు అడిగారు

1788 జనవరి 26న ఆర్థర్ ఫిలిప్ 11 ఓడల జనంతో సిడ్నీ రేవులో దిగి జెండా ఎగరేసేనాటికి ఆస్ట్రేలియాలో 250కి పైగా భాషలున్నాయి. ఎవరి నేల ఎక్కడిదాకానో ఆదివాసులకు తెలుసు. కంచెలూ దస్తావేజులూ కనబడలేదు కనుక బ్రిటిష్ వారు దాన్ని యజమాని లేని భూమిగా లెక్కగట్టారు. ఎవరితోనూ ఒప్పందం చేసుకోలేదు, పరిహారం ఇవ్వలేదు.

మరుసటి ఏడాదే మశూచి సోకి సిడ్నీ చుట్టుపక్కల ఆదివాసుల్లో దాదాపు సగం మంది పోయారు. ఎదురు తిరిగిన ఆదివాసి యోధుడు పెముల్వూయ్‌ని 1802లో చంపి, తల ఇంగ్లండుకు పంపారు. ఇంగ్లండు మిల్లులకు ఉన్ని కావలసివచ్చింది. గొర్రెల మందలు లోతట్టుకు సాగి నీటి మడుగులను ఆక్రమించాయి. 1838లో మయాల్ క్రీక్ దగ్గర కనీసం 28 మంది ఆదివాసులను కట్టి తీసుకెళ్లి నరికారు. అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఏడుగురు హంతకులకు ఉరి పడినా ఊచకోతలు ఆగలేదు.

ఆపైన వచ్చింది సంరక్షణ. విక్టోరియాలో 1869 చట్టంతో ఆదివాసి ఎక్కడ ఉండాలో, ఎక్కడ పనిచేయాలో అధికారులే నిర్ణయించారు. తల్లుల ఒడిలోంచి పిల్లలను లాక్కుపోయారు. 1910 నుంచి 1970 దాకా పదిమంది పిల్లల్లో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి వరకు ఇలా దూరమయ్యారని 1997 నాటి విచారణ నివేదిక అంచనా. దీనికి సంరక్షణ అన్న పేరు పెట్టడం నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధిస్తుంది.

మర్రే నది ఒడ్డున యోర్టా యోర్టా జనం కథ చూడండి. 1881లో మలోగా మిషన్‌లోని 42 మంది, సాగు చేసుకొని బతుకుతాం, కాస్త భూమి ఇవ్వండని గవర్నరుకు అర్జీ పెట్టారు. ఆ జనంలో పుట్టిన విలియం కూపర్ 1937లో, పార్లమెంటులో మాకూ ప్రతినిధి ఉండాలంటూ 1,814 సంతకాలతో రాజుకు మహజరు రాశాడు. ప్రభుత్వం దాన్ని రాజుకు పంపనే లేదు.

1992లో మాబో తీర్పుతో యజమాని లేని భూమి అన్న వాదం కూలింది. భూమి హక్కు కోసం ఆ దావా నడిపిన టోరెస్ జలసంధి ద్వీపవాసి ఎడ్డీ మాబో అప్పటికి కొన్ని నెలల క్రితమే కన్నుమూశాడు. మరుసటి ఏడాది ఆదివాసుల భూమి హక్కుల చట్టం వచ్చింది. కానీ నేలతో బంధం, పాత ఆచారం తెగకుండా వచ్చాయని ఆదివాసులే రుజువు చేయాలి. తరిమేసిన రాజ్యం, తరమబడ్డవాళ్లను ఈ రుజువు అడగడం ఘోరమైన అన్యాయం. యోర్టా యోర్టా జనం దావా వేస్తే, 1998లో న్యాయమూర్తి ఆ 1881 అర్జీనే వారికి వ్యతిరేకంగా సాక్ష్యం చేశాడు: సేద్యానికి భూమి అడిగారు కనుక పూర్వాచారాలు అప్పటికే వదిలేశారట. 2002లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం వారి అప్పీలును కొట్టేసింది.