అడుగుతూ వెళ్ళిన దారి

మమ్మల్ని అరబ్బు దేశాల నుంచి వచ్చినవాళ్ళమంటారు. అరబ్బు దేశాలకు పోవడానికి మేం పడ్డ పాట్లు మాత్రం ఎవరూ రాయలేదు. శాలిబండ గల్లీల్లో పుట్టి, చార్మినార్ దాటితే పరాయి ఊరికి వెళ్ళినట్టు అనుకునే మనిషి ఒకరోజు విమానాశ్రయంలో నిలబడ్డాడు. తలెత్తితే అన్నీ బోర్డులే. వాటిలో తన భాష లేదు. ఆ మనిషి దారెలా కనుక్కున్నాడన్నది కూడా చరిత్రే. హైదరాబాదు చరిత్ర రాసేవాళ్ళకు నవాబుల దేవిడీలు కనిపిస్తాయి, ముత్యాలు కనిపిస్తాయి. గుడ్డ సంచిలో పాస్‌పోర్టు దాచుకుని, లైనులో ముందున్నవాడి వీపు చూస్తూ కదిలిన మా మనిషి కనిపించడు.

విమానాలతో మా సంబంధం నిజాం కాలం నాటిదని గొప్పలు చెప్పేవాళ్ళు మాలోనూ వున్నారు. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టిన మాట నిజం. 1953లో అది జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. బేగంపేట పేరు రెండో నిజాం కూతురు బషీరున్నిసా బేగం మీద వచ్చింది. ఆమె పెళ్ళాడింది పాయిగా ప్రభువుని. షంషాబాద్ పేరు కూడా ఆ పాయిగాల షమ్స్-ఉల్-ఉమ్రా బిరుదు మీదే వచ్చిందంటారు. పాత విమానాశ్రయం పేరూ, కొత్త విమానాశ్రయం వున్న ఊరి పేరూ ఒకే ఇంటివన్నమాట. అయితే ఏం? ఆ ఇల్లు మాది కాదు. ఆ విమానాల్లో మా తాతలు ఎక్కలేదు. వాళ్ళు టాంగాలు తోలారు, దేవిడీల గేట్ల దగ్గర కాపలా కాశారు, కచేరీల్లో చప్రాసీలుగా బతికారు. నవాబులందరూ ముస్లిములే కావచ్చు. ముస్లిములందరూ నవాబులు కారన్న చిన్న సంగతి చెప్పుకోవడానికే మాకు ఇన్నేళ్ళు పట్టింది.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. మరుసటి ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దారుకి ఏదో ఒకటి మిగిలింది. అతని గేటు దగ్గర కూచున్నవాడికి ఏమీ మిగల్లేదు. కచేరీ భాష మారింది. ఉర్దూ చదివినవాడు ఒక్కసారిగా చదువురాని వాడయ్యాడు. పాతబస్తీలో పని లేని పాతికేళ్ళు అలా గడిచాయి. 1973లో చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు మొదలైనప్పుడు మా వాళ్ళు బయల్దేరింది మక్కా మీద భక్తితో కాదు, ఆకలితో.

మొదట్లో దారి బొంబాయి మీదుగా. రైల్లో రాత్రంతా కూచుని పోయి, అక్కడ ఏజెంటు చూపించిన గదిలో రోజుల తరబడి పడుండి, పిలుపొస్తే విమానాశ్రయానికి పరుగు. 1981లో బొంబాయిలో సహార్ టెర్మినల్ తెరిచారు. అంత పెద్ద భవనంలో మా వాళ్ళకు నక్షా ఎవరిచ్చారు? ముందు వెళ్ళొచ్చినవాడి మాటే నక్షా. శాలిబండ ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ అతను చెప్పేవాడు, ఇంకొకడు ఉర్దూలో చీటీ మీద రాసుకునేవాడు. మొదట విమాన కంపెనీ కౌంటరు. అక్కడ పెట్టె ఇచ్చెయ్యి, వాళ్ళిచ్చే ముక్క పారెయ్యకు. పాస్‌పోర్టు, వీసా కాగితం పెట్టెలో పెట్టకు, ఒంటి మీద వుంచుకో. తరువాత ఇమిగ్రేషన్ లైను, ముద్ర వేస్తారు, అడిగినదానికే జవాబు చెప్పు. తరువాత తనిఖీ. ఆ తరువాత గేటు. బోర్డింగు కార్డు మీద అంకె, తెర మీద అంకె ఒకటేనా చూసుకో. గేటు మారుతుంది, మళ్ళీ చూడు. నిద్రపోకు. తెలీకపోతే అడుగు. నోరున్నవాడు తప్పిపోడు.

ఈ చీటీలు ఏ మ్యూజియంలోనూ లేవు. కానీ అక్షరాలు రానివాళ్ళను వేలమందిని సముద్రం దాటించింది ఇలాంటి చీటీలే, ఈ నోటి మాటలే.

తరువాత బేగంపేట నుంచే గల్ఫ్‌కి విమానాలు నడిచాయి. ఊరు మనదైనా లోపలి భాష మనది కాలేదు. దేశం విడిచే ప్రతివాడూ ఒక కార్డు నింపాలి. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎందుకు పోతున్నావు. రాయడం వచ్చిన కుర్రాడు ఒక్కడు దొరికితే చాలు, అతని చుట్టూ పదిమంది పాస్‌పోర్టులు పట్టుకుని మూగేవాళ్ళు. ఆ మూగినవాళ్ళలో మేం ఒక్కళ్ళమే లేము. కరీంనగర్, నిజామాబాద్ రైతుకూలీలున్నారు. ఇళ్ళల్లో పనికి కువైట్ పోయే కడప ఆడవాళ్ళున్నారు. 1983 వలసల చట్టం పెద్దగా చదువుకోని వాళ్ళకు ఒకే ముద్ర వేసింది. పనికి పోవాలంటే సర్కారు అనుమతి కావాలంది. ఆ ముద్ర ముందు మల్లయ్యా, మస్తానూ ఒకటే. బయట మమ్మల్ని విడదీసిన వాళ్ళంతా ఆ లైను చూసి వుండాల్సింది. 1990లో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు అమ్మాన్ నుంచి లక్షకు పైగా భారతీయుల్ని విమానాల్లో తెచ్చారు. ఆ ఎడారి దారిలోనూ అంతే, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఇక ఆ కార్డు సంగతి. భారతీయులు దాన్ని నింపే పని లేదని 2017 జులై 1 నుంచి తీసేశారు. తీసెయ్యగలిగినదాన్ని అన్నేళ్ళు ఎందుకు నింపించారో అడిగినవాడు లేడు.

బోర్డుల భాష చిన్న విషయమంటారు కొందరు. మా శాలిబండలోనే రాజా రాయ రాయాన్ గడియారపు గోపురం వుంది. 1904లో కట్టారు. దాని నాలుగు ముఖాల మీద అంకెలు నాలుగు రకాలు: అరబ్బీ, రోమన్, హిందీ, తెలుగు. ఏ దిక్కు నుంచి వచ్చినవాడికైనా వేళ తెలియాలన్న ఇంగితం ఒక హిందూ రాజా ఇంట్లో, ఒక ముస్లిం రాజు ఏలుబడిలో వుంది. మేం దాన్ని స్వర్ణయుగం అనడం లేదు. ఆ గోపురం కింద బిచ్చమెత్తిన వాళ్ళూ వున్నారు. అంకె వరకైనా మనిషిని లెక్కలోకి తీసుకున్నారు, అంతే. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూని రెండో అధికార భాష చేశారు. చట్టంలో చేరిన భాష మనిషి తలెత్తి చూసే చోటికి ఎప్పుడు చేరుతుంది? ఇది ఉర్దూ ఒక్కదాని గొడవ కాదు. మేం తెలుగులో రాస్తున్నవాళ్ళం, తెలుగు మాదీ. కానీ నిష్క్రమణ, ఆగమనం అనే కచేరీ తెలుగు మాకూ అర్థం కాదు, మల్లయ్యకూ అర్థం కాదు. 'బయటికి దారి' అని రాస్తే తెలుగుకు వచ్చే నష్టమేమిటి?

బోర్డుల్ని మేం చదువుతాం సరే, మమ్మల్ని చదివేవాళ్ళ సంగతేమిటి? 2009లో ఢిల్లీ విమానాశ్రయంలో మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాంని ఒక అమెరికా విమాన సంస్థ సిబ్బంది ఒళ్ళు తడిమి సోదా చేశారు. క్షమాపణ చెప్పారు. ఆయనకు చెప్పారు. శాలిబండ వెల్డర్‌కి ఎవరు చెబుతారు? 2007 మే 18న మా పక్కనే మక్కామసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. చచ్చినవాళ్ళు మావాళ్ళు, పోలీసులు పట్టుకుపోయిన కుర్రాళ్ళూ మావాళ్ళే. వాళ్ళు తరువాత కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పటినుంచి పాతబస్తీ చిరునామా వున్న పాస్‌పోర్టు కిటికీలోంచి లోపలికి పోయి, తిరిగి చేతికొచ్చే దాకా గుండె కొట్టుకునే తీరే వేరు.

బయటివాళ్ళని అడిగే మేం ఇంటివాళ్ళనీ అడగాలి. 1991లో హైదరాబాదు నుంచి ఢిల్లీ పోయే విమానంలో పాతబస్తీ పిల్ల ఒకతి ఏడుస్తూ కూచుంది. పక్కన ముసలి అరబ్బు షేకు, ఆమెను పెళ్ళి చేసుకున్నవాడు. ఆ పిల్ల కౌంటరు దాటింది, తనిఖీ దాటింది, గేటు దాటింది. ఇంతమందిలో ఎవరూ ఎందుకేడుస్తున్నావని అడగలేదు. చివరికి ఒక ఎయిర్ హోస్టెస్ అడిగింది, దేశమంతా తెలిసింది. నికా చదివిన ఖాజీ, డబ్బు పుచ్చుకున్న దళారీ మా గల్లీల్లోని వాళ్ళే. పేదరికం కారణం కావచ్చు, సాకు కాకూడదు. ఆ పిల్లకు బోర్డు చదవడం వచ్చినా బయటికి దారి దొరికేది కాదు.

హజ్ దగ్గర మాత్రం ఇదంతా ముందే ఆలోచించారు. ఓడ ప్రయాణం 1995లో ఆగిపోయాక హజ్ యాత్రికులందరికీ విమానమే గతి. నాంపల్లి హజ్ హౌస్‌లో ఎహ్రాం కట్టుకోవడంతో పాటు ప్రయాణం ఎలా చెయ్యాలో కూడా నేర్పుతారు. జనంతో పాటు సహాయకుల్ని పంపుతారు. జిద్దాలో 1981లో తెరిచిన హజ్ టెర్మినల్ మీద 210 గుడారాల కప్పు వుంది. దాన్ని నిలబెట్టిన ఇంజనీర్లలో ఢాకా ప్రాంతంలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ ఒకడు. అక్షరం రాని ముసలమ్మ కూడా తప్పిపోకుండా వెళ్ళి రాగలుగుతోందంటే వెంట మనిషి వున్నాడు కనుకే. హజ్ సబ్సిడీ మేం తినేశామని ఏళ్ళ తరబడి ఎత్తిపొడిచారు. 2012లో సుప్రీంకోర్టు పదేళ్ళలో తీసెయ్యమంది, 2018లోనే తీసేశారు. ఆ సొమ్ము హాజీల జేబులోకి వచ్చింది కాదు, విమాన టికెట్ల కింద విమాన సంస్థకు పోయింది.

2008 మార్చి 23 నుంచి విమానాలు షంషాబాద్‌కి మారాయి. 5 వేల ఎకరాలకు పైగా నేల. 2023 నాటికి ఏడాదికి 3 కోట్ల 40 లక్షల మందికి సరిపోయేలా టెర్మినల్ పెంచారు. శాలిబండ నుంచి ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్ మీదుగా దగ్గర దారే. మా పిల్లలు ఇప్పుడు ఆ దారిలో క్యాబులు తోలుతున్నారు, లోపల సామాన్లు మోస్తున్నారు, కొందరు కంప్యూటర్ ఉద్యోగాలకి అమెరికా పోతున్నారు. వాళ్ళకి చీటీ అవసరం లేదు. కానీ ఇవాళ్టికీ మొదటిసారి రియాద్ పోయే తాపీ పనివాడున్నాడు. కొడుకు దగ్గరికి ఒంటరిగా పోయే తల్లి వుంది. వాళ్ళకోసం మేం అడిగేవి పెద్ద కోరికలు కావు. నలుగురికీ తెలిసిన మాటల్లో బోర్డు, ఉర్దూలో కూడా ఒక వరస. పేరు చూడకముందు మనిషి ముఖం చూసే అధికారి. అడిగితే విసుక్కోకుండా చెప్పేవాడొకడు, ఏడిస్తే ఆగి అడిగేవాడొకడు. ఇవన్నీ వచ్చేదాకా శాలిబండ హోటల్లో ఎవడో ఒకడు చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఇంకొకడికి చెబుతూనే వుంటాడు: ముక్క పారెయ్యకు, గేటు మళ్ళీ చూసుకో, తెలీకపోతే అడుగు.